దివ్యాంగ పింఛను ఆపేస్తామని నోటీసు వచ్చింది, ఉచితంగా లాయరు దొరుకుతారా?

ప్రశ్న: గట్టుమీద_రాజు

మాది ఆంధ్రప్రదేశ్. మా చిన్నాన్నకు 52 ఏళ్ళు. ఎడమ కాలికి చిన్నప్పటి నుంచి పోలియో, కుడి కన్ను బొత్తిగా కనపడదు. పాత సదరం (ప్రభుత్వ వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్‌లో రెండూ కలిపి 58 శాతం, శాశ్వతం అని ఉంది. ఎన్టీఆర్ భరోసాలో నెలకు 6,000 వస్తోంది. పునఃపరిశీలనకు పిలిచి కాలు ఒక్కటే చూశారు, కన్ను సంగతి అడగలేదు. ఇప్పుడు సచివాలయం నుంచి కాగితం ఇచ్చారు. వైకల్యం 35 శాతమే, 40 కంటే తక్కువ కనుక పింఛనుకు అనర్హులు అని అందులో ఉంది.

అడగాల్సినవి ఇవి. లాయరుకు డబ్బు పెట్టే స్థితి లేదు, ఉచిత న్యాయ సహాయం ఇలాంటి వాటికి ఇస్తారా? ఇది కోర్టు కేసు కాదు కదా, మాకు సంబంధం లేదంటారా? నేరుగా హైకోర్టుకు వెళ్ళడం మేలా? చిన్నాన్నకు చదువు రాదు, వేలిముద్ర వేస్తారు. ఆయన బదులు నేను తిరగొచ్చా?

జవాబు 1: ప్యానెల్_లాయర్

లాయరు దొరుకుతారండి, పైసా ఖర్చు లేకుండా. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్‌లో ఎవరెవరికి ఉచిత సహాయం ఇవ్వాలో ఉంది. ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, ఇంకా ఆదాయ పరిమితి లోపల ఉన్న ఎవరైనా. ఆదాయం తప్ప మిగతా వర్గాలకు సంపాదన ఎంత అన్న ప్రశ్నే రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. దరఖాస్తులో ‘వికలాంగుడిని’ అని ఒక్క కారణమే రాయకండి. కొత్త కాగితంలో 35 శాతమే ఉంది కదా, మీరు ఆ వర్గంలోకి రారు అని ఫ్రంట్ ఆఫీసులోనే ఎవరో ఒకరు ఆపే ప్రమాదం ఉంది. ఏ శాతం మీద గొడవ పడుతున్నారో ఆ శాతాన్నే అడ్డం పెట్టడం అన్నమాట. కాబట్టి పాత సదరం నకలు పెట్టండి, దాంతో పాటు వార్షిక ఆదాయం 3 లక్షల లోపు అని అఫిడవిట్ కూడా పెట్టండి. ఎస్సీ, ఎస్టీ అయితే కుల ధ్రువీకరణ కూడా జత చేయండి. ఒక కారణం తప్పినా ఇంకొకటి నిలబడుతుంది.

కోర్టు కేసు కాదన్న సందేహం గురించి: ఆ చట్టం 2వ సెక్షన్‌లో న్యాయ సేవ అంటే కేసు నడపడం ఒక్కటే కాదు, చట్టపరమైన ఏ విషయం మీదైనా సలహా ఇవ్వడం కూడా అందులో భాగమేనని ఉంది. అప్పీలు రాసిపెట్టడం, అధికారికి లీగల్ నోటీసు పంపడం, కోర్టుకు వెళ్ళకముందే ప్రీ లిటిగేషన్ దరఖాస్తుగా తీసుకుని సంబంధిత అధికారిని పిలిపించి మాట్లాడటం, ఇవన్నీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ చేస్తుంది.

ఎక్కడంటే, జిల్లా కోర్టు ఆవరణలోనే ఈ సంస్థ ఆఫీసు ఉంటుంది. దానికి కార్యదర్శిగా ఒక జడ్జి ఉంటారు. మండల స్థాయి కోర్టు ఉన్న చోట మండల న్యాయ సేవా కమిటీ ఉంటుంది, దగ్గరున్న దాంట్లో ఇవ్వండి. దూరమైతే 15100కు ఫోన్ చేయండి, దానికి డబ్బులు పడవు. దరఖాస్తు తెల్లకాగితం మీద తెలుగులో రాస్తే చాలు. రాయలేని వాళ్ళు నోటితో చెబితే అక్కడి పారా లీగల్ వాలంటీరు రాసిపెట్టాలి. వేలిముద్ర వేసే చోట పక్కనే ‘చదివి వినిపించగా అర్థం చేసుకుని వేలిముద్ర వేశారు’ అని ఒక సాక్షి సంతకం ఉండాలి. ఈ ఒక్క వాక్యం లేకపోతే తర్వాత అఫిడవిట్లు తిరిగొస్తాయి. మీరు కాగితాలు పట్టుకుని తిరగొచ్చు, దానికి ఆయన పేరున ఒక అధికార పత్రం చాలు. వకాలత్తు (లాయరుకు ఇచ్చే అధికార పత్రం) మీద మాత్రం ఆయన వేలిముద్రే కావాలి.

కేటాయించిన లాయరు మీ దగ్గర ఫీజు గానీ ‘ఖర్చులు’ గానీ తీసుకోకూడదు. ఆయనకు ఫీజు ఇచ్చేది సంస్థ. ఎవరైనా అడిగితే అదే ఆఫీసులో కార్యదర్శికి రాతపూర్వకంగా చెప్పండి, లాయరును మార్చమని కూడా అడగొచ్చు. ఆ హక్కు వాడుకోవడానికి మొహమాటపడకండి.

ఇక అసలు విషయం. మీ చేతిలో ఉన్నది ఒకే కాగితమైనా దాని వెనక రెండు నిర్ణయాలున్నాయి. శాతం వేసింది మెడికల్ బోర్డు. అనర్హులని తేల్చింది పింఛను యంత్రాంగం. ఎంపీడీఓ (మండల అభివృద్ధి అధికారి) శాతం మార్చలేరు, డాక్టరు పింఛను తిరిగి వేయించలేరు. చాలామంది కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఒక్కటే పెట్టి ఊరుకుంటారు. అది తిరిగి తిరిగి ‘వైకల్యం 40 శాతం లోపు’ అన్న ఒక్క ముక్కతో మూసేస్తారు, ఎందుకంటే శాతాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

అందుకని రెండు అప్పీళ్ళు వేయండి. ఒకటి పింఛను నోటీసు మీద. పల్లెల్లో ఎంపీడీఓకు, పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వాలి. గడువు నోటీసులోనే ఉంటుంది, నోటీసు చేతికి అందిన తేదీ దాని మీదే రాసుకోండి. రెండోది 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద, సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయం మీద. దీన్ని రాష్ట్రం నియమించిన అప్పీలు అధికారికి వేయాలి. ఆ అధికారి ఎవరో జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంట్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. రెండింటికీ నకలు మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోవాలి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే అక్‌నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా పోస్టులో పంపండి. ముద్ర లేని అప్పీలు వేయనట్టే లెక్క.

జవాబు 2: బోర్డు_లెక్క

పైన చెప్పినదానికి వైద్యపరమైన సగం నేను కలుపుతాను, ఎందుకంటే ఈ కేసు గెలిచేది అక్కడే.

ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగుంటే వైకల్యం కొలిచే కేంద్ర మార్గదర్శకాల ప్రకారం 30 శాతం. దాంతో ఒక్కదానితో ఎవరికీ 40 రాదు. పోలియో కాలుకు 35 వేశారనుకుందాం, అదీ సరిపోదు. కానీ రెండు వైకల్యాలుంటే విడివిడిగా చూసి వదిలేయడం తప్పు. కలిపే సూత్రం ఉంది. పెద్ద అంకెను ‘అ’ అనుకోండి, చిన్నదాన్ని ‘ఆ’ అనుకోండి. 90 లోంచి ‘అ’ తీసేసి, మిగిలినదాన్ని ‘ఆ’తో గుణించి, 90తో భాగించి, వచ్చినది ‘అ’కు కలపాలి.

మీ చిన్నాన్న లెక్క: 90 లోంచి 35 పోతే 55. దాన్ని 30తో గుణిస్తే 1,650. 90తో భాగిస్తే 18.3. 35కు కలిపితే 53.3 శాతం. అంటే బోర్డు వేసిన 35ను ఉన్నదున్నట్టు ఒప్పుకున్నా సరే, కన్ను చూసి ఉంటే ఆయన అర్హుడే. కాలి శాతం 58 నాటి లెక్కకంటే ఎందుకు తగ్గిందన్న వాదనలోకి ముందే దిగకండి. అది పొడుగు గొడవ, డాక్టరు అభిప్రాయం మీద అభిప్రాయం. ‘రెండో వైకల్యాన్ని అసలు పరీక్షించలేదు’ అన్నది వాస్తవం, దాన్ని ఎవరూ కాదనలేరు. అప్పీలులో మొదటి పేరా అదే కావాలి.

(ఈ సూత్రం తెలియక నష్టపోయేవాళ్ళు చాలామంది. కంటికి 30, కాలికో చేతికో 15 ఉన్నా సరిగ్గా 40 వస్తుంది, చేసి చూడండి.)

బోర్డుకు మళ్ళీ వెళ్ళేలోపు చేతిలో ఉండాల్సినవి: ప్రభుత్వ కంటి డాక్టరు రాసిన చూపు పరీక్ష, రెండు కళ్ళకూ విడివిడిగా, అద్దాలు పెట్టాక ఎంత ఉందో స్పష్టంగా. చూపును ఎప్పుడూ అద్దాలతో సరిచేశాకే లెక్కిస్తారు, అద్దాలు లేకుండా రాసిన అంకె పనికిరాదు. కాలికి ఎక్స్‌రే, కాలు పొట్టి ఎంత, కండ బలం ఎంత అన్నది ఆర్థోపెడిక్ డాక్టరు రాసిన కాగితం. పాత సదరం ఒరిజినల్ చూపించండి, ఇచ్చేయకండి, నకలే ఇవ్వండి.

స్లాట్ తీసుకునేటప్పుడే తప్పు జరుగుతుంది. సచివాలయంలోనో మీసేవలోనో నమోదు చేసేటప్పుడు వైకల్యం రకం ఒక్కటే ఎంచితే ఆ ఒక్క డాక్టరు దగ్గరికే పంపుతారు. ‘కాలు’ అని నమోదైతే ఆర్థోపెడిక్ డాక్టరు కన్ను చూడరు, చూడాల్సిన అవసరం కూడా ఆయనకు కనపడదు. మీ విషయంలో బహుశా ఇదే జరిగి ఉంటుంది. నమోదు చేసేటప్పుడు బహుళ వైకల్యం అని పడిందో లేదో రసీదులో చూసుకుని గానీ అక్కడి నుంచి కదలకండి.

మిగతా రకాల వాళ్ళ కోసం రెండు మాటలు. వినికిడికి ఆడియోమెట్రీ పరీక్షలో మనిషి జవాబులు పొంతన లేకపోతే బెరా (జవాబులతో పనిలేకుండా శబ్దానికి మెదడు స్పందన కొలిచే) పరీక్షకు పంపుతారు, అది అనుమానంతో పంపడం కాదు, వెళ్ళడమే మంచిది. మానసిక అనారోగ్యానికి ఐడియాస్ అనే కొలమానం వాడతారు. తన పనులు తాను చేసుకోవడం, మనుషులతో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, పని చేయడం, ఈ నాలుగింటికీ మార్కులు వేసి జబ్బు ఎంతకాలంగా ఉందో కలుపుతారు. ఇంట్లో రోజూ చూసే మనిషి వెంట వెళ్ళి చెప్పకపోతే ఆ మార్కులు తక్కువ పడతాయి. రోగి ‘నేను బాగానే ఉన్నాను’ అంటారు, అంతటితో అయిపోతుంది. చికిత్స చీటీలన్నీ తేదీల వరసలో పెట్టి తీసుకెళ్ళండి.

ప్రశ్న కొనసాగింపు: గట్టుమీద_రాజు

ఇద్దరికీ చాలా థ్యాంక్సండి. రసీదు చూశాను, అందులో శారీరక వైకల్యం అని మాత్రమే ఉంది. ఇంకో రెండు సందేహాలు. నోటీసులో కారణం ఒక్క లైనే ఉంది, బోర్డు కాగితం మాకు ఇవ్వలేదు. అది ఎలా తెచ్చుకోవాలి? అప్పీలు తేలేలోపు పింఛను ఆగిపోతే ఆ నెలలవి మళ్ళీ వస్తాయా?

జవాబు 3: దస్త్రం

బోర్డు కాగితం సమాచార హక్కు చట్టం కింద అడగండి. రెండు ఆఫీసులకు రెండు దరఖాస్తులు. ఆసుపత్రి పౌర సమాచార అధికారికి ఒకటి, ఎంపీడీఓ ఆఫీసు సమాచార అధికారికి ఒకటి. ఒకే దరఖాస్తులో రెండూ అడిగితే ఒకరు ఇంకొకరికి పంపుతారు, రోజులు గడుస్తాయి.

ఆసుపత్రిని అడగాల్సినవి: ఫలానా తేదీన ఫలానా సదరం నంబరు మీద జరిగిన పరీక్ష నమోదు పత్రం ధ్రువీకరించిన నకలు, పరీక్షించిన డాక్టర్లు ఏ విభాగాల వాళ్ళు, శాతం లెక్కించిన పట్టిక, కంటి పరీక్ష జరిగిందా, జరిగితే దాని నకలు. మండల ఆఫీసును అడగాల్సినవి: పింఛను నిలిపివేత ఉత్తర్వు, దాని మీద ఫైలు రాతలు, నోటీసు అందించినట్టు సంతకం. ‘ఎందుకు ఆపారు’ అని అడగొద్దు. ఎందుకు అన్నది సమాచారం కాదని తిప్పి పంపుతారు. కాగితం పేరు చెప్పి నకలు అడగాలి. తెల్ల రేషన్ కార్డు ఉంటే దాని నకలు జత చేయండి, ఫీజు లేదు.

30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే 30 రోజుల్లోపు అదే ఆఫీసు పై అధికారికి మొదటి అప్పీలు. గడువు దాటాక ఇచ్చే నకళ్ళకు డబ్బు తీసుకోకూడదు, 7వ సెక్షన్‌లో ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ సమాచారం వచ్చేదాకా పింఛను అప్పీలు ఆపకండి. అప్పీలు ముందు వేసేసి, నకళ్ళు వచ్చాక ‘అదనపు పత్రాలు’ అని జత చేయొచ్చు.

అప్పీలు పొడుగ్గా అక్కర్లేదు, ఒక పేజీ చాలు. ఇలా రాయొచ్చు:

‘నాకు ఎడమ కాలికి పోలియో, కుడి కంటికి పూర్తి అంధత్వం ఉన్నాయి. పాత సదరం సర్టిఫికెట్‌లో రెండూ కలిపి 58 శాతం శాశ్వత వైకల్యంగా నమోదయ్యాయి. ఫలానా తేదీ పునఃపరిశీలనలో కాలు మాత్రమే పరీక్షించి 35 శాతంగా నిర్ణయించారు. కంటి వైకల్యాన్ని పరీక్షించలేదు. కేంద్ర మార్గదర్శకాల్లోని బహుళ వైకల్య సూత్రం ప్రకారం లెక్కించలేదు. ఆ సూత్రం ప్రకారం నా వైకల్యం 40 శాతం దాటుతుంది. కావున నోటీసును ఉపసంహరించి, కంటి డాక్టరు, ఆర్థోపెడిక్ డాక్టరు ఇద్దరితో తిరిగి పరీక్ష చేయించి, ఈలోపు పింఛను కొనసాగించి, ఏ నెలదైనా నిలిపివేసి ఉంటే ఆ బకాయి చెల్లించవలసిందిగా కోరుతున్నాను. నాకు స్వయంగా చెప్పుకునే అవకాశం ఇచ్చి, కారణాలతో కూడిన రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వవలసిందిగా ప్రార్థన.’

చివరి రెండు వాక్యాలు తీసేయకండి. బకాయి అడగని అప్పీలు మీద గెలిచినా, ఆ రోజు నుంచే పింఛను వేసి పాత నెలలు వదిలేస్తారు. అడిగి ఉంటే, ఇవ్వకపోతే అదొక్కదాని మీదే మళ్ళీ వెళ్ళే ఆధారం ఉంటుంది. కారణాలతో ఉత్తర్వు ఎందుకంటే, కారణం లేని ఉత్తర్వును హైకోర్టు కొట్టేయడం తేలిక.

జవాబు 4: ప్యానెల్_లాయర్

హైకోర్టు సంగతి నేను చెప్పకుండా వదిలేశాను. ఇప్పుడే నేరుగా వెళ్ళొద్దండి. రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ (ప్రభుత్వ చర్య మీద హైకోర్టులో వేసే పిటిషన్) వేసే హక్కు ఉంది, కాదనను. కానీ అప్పీలు దారి ఉండగా వాడుకోకుండా వస్తే, ముందు అక్కడికి వెళ్ళమని, ఆ అప్పీలును ఇన్ని వారాల్లో తేల్చమని చెప్పి పిటిషన్ ముగించే అవకాశమే ఎక్కువ. అప్పీలు ముద్ర చేతిలో పెట్టుకుని వెళ్తే పరిస్థితి వేరు. ‘అప్పీలు వేశాం, తేల్చలేదు, పింఛను మాత్రం ఆపారు’ అన్నప్పుడు మధ్యంతర ఉత్తర్వు అడగడానికి బలం వస్తుంది. నోటీసే ఇవ్వకుండా, మాట వినకుండా ఆపేసిన వాళ్ళు మాత్రం ఇంతకాలం ఆగక్కర్లేదు. అది సహజ న్యాయ సూత్రాల ఉల్లంఘన, 14వ అధికరణం కిందికి వస్తుంది. ఆలస్యం చేస్తే ఇన్నాళ్ళు ఏం చేశారని అడుగుతారు కూడా.

రిట్‌కు కూడా ఉచితంగానే లాయరును ఇస్తారు. అమరావతిలోని హైకోర్టుకు విడిగా న్యాయ సేవా కమిటీ ఉంది. మీరు అంత దూరం వెళ్ళక్కర్లేదు, జిల్లా సంస్థలో ఇస్తే వాళ్ళే పంపుతారు. దానికి కావాల్సినవి: వకాలత్తు, అఫిడవిట్, నోటీసు, పాత సదరం, కొత్త శాతం కాగితం, ముద్ర ఉన్న అప్పీళ్ళు, పింఛను నంబరు. తెలుగు కాగితాలకు ఇంగ్లీషు అనువాదం జత చేయాలి, అది ముందే చేయించి పంపితే వారాలు కలిసొస్తాయి. ప్రతివాదుల్లో శాతం వేసిన ఆసుపత్రినీ చేర్చమని లాయరుకు గట్టిగా చెప్పండి. పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖను, సెర్ప్‌ను (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ), కలెక్టర్‌ను, డీఆర్‌డీఏ (జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ) పీడీని, ఎంపీడీఓను చేర్చి ఆసుపత్రిని మరిచిపోతే మళ్ళీ మొదటికే వస్తుంది. శాతం వేసినవాళ్ళు కోర్టు ముందు లేరు మరి.

జవాబు 5: మెట్టు_లేని_దారి

ఇంకో దారి ఎవరూ చెప్పలేదు. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు 2016 చట్టం 80వ సెక్షన్ కింద ఫిర్యాదు చేయొచ్చు. లాయరు అవసరం లేదు, కోర్టు ఫీజు లేదు. సాక్షులను పిలిపించడానికి, కాగితాలు తెప్పించడానికి సివిల్ కోర్టుకున్న అధికారాలు 82వ సెక్షన్ కింద ఆయనకున్నాయి. ఆయన ఇచ్చేది సిఫార్సే, ఉత్తర్వు కాదు. అయినా 81వ సెక్షన్ ప్రకారం మూడు నెలల్లో ఏం చేశారో సంబంధిత అధికారి తెలియజేయాలి, ఒప్పుకోకపోతే కారణం చెప్పాలి. రిట్‌కు ముందు ఫైలు బయటికి రావడానికి ఇది బాగా పనికొస్తుంది.

ఇలాంటి సమయంలో ఇంటి చుట్టూ తిరిగే మధ్యవర్తులను మాత్రం దగ్గరికి రానివ్వకండి. ‘శాతం పెంచి ఇప్పిస్తాం’ అనేవాళ్ళు తెచ్చిన సర్టిఫికెట్‌తో పింఛను తీసుకోవాలని చూసినా అదే చట్టం 91వ సెక్షన్ మీ చిన్నాన్న మీదికే వస్తుంది. రెండేళ్ళ వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. నిజమైన అర్హత ఉన్న మనిషి ఆ ఉచ్చులో పడితే నిజమైన కన్ను, నిజమైన కాలు కూడా అనుమానంలో పడతాయి.

ప్రశ్న: తెలంగాణ_అక్క

తెలంగాణలో చేయూత దివ్యాంగ పింఛను 4,016కు కూడా ఇదేనా? మా తమ్ముడికి మేధో వైకల్యం, 24 ఏళ్ళు, వకాలత్తు మీద అతని వేలిముద్ర చెల్లుతుందా?

జవాబు 6: ప్యానెల్_లాయర్

2016 చట్టం, న్యాయ సేవల చట్టం రెండూ కేంద్రానివే, కాబట్టి శాతం మీద అప్పీలు, ఉచిత లాయరు, 15100 అన్నీ అక్కడా అంతే అక్కా. అర్జీ ఇచ్చే ఆఫీసులే మారతాయి. మీకు సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది.

తమ్ముడి విషయంలో ఉత్త వేలిముద్ర మీద నడపకండి, అవతలివాళ్ళు మొదటి రోజే అభ్యంతరం పెడతారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్న పెద్దవాళ్ళకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమిస్తారు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ ఆ పని చేస్తుంది. 18 నిండాక తల్లిదండ్రులు కూడా ఈ నియామకం తీసుకోవాల్సిందే, కన్నవాళ్ళం కదా అంటే బ్యాంకు ఒప్పుకోదు, కోర్టూ ఒప్పుకోదు. తల్లిదండ్రులు ఉంటే వాళ్ళ పేరున, లేకపోతే మీ పేరున దరఖాస్తు పెట్టండి. ఆ నియామక పత్రం వచ్చేలోపు పింఛను గడువు దాటేలా ఉంటే, పింఛను అప్పీలును ‘సోదరి ద్వారా’ అని రాసి ఇప్పుడే వేసేయండి, సంరక్షక దరఖాస్తు రసీదు నకలు దానికి జత చేయండి.